పుస్తకం మూశాక మొదలయ్యే రివిజన్

ఫిబ్రవరి వచ్చేసరికి మేడ్చల్, శామీర్‌పేట బడుల్లో పదో తరగతి పిల్లలకు పొద్దున ఒక స్టడీ అవర్, సాయంత్రం ఒక స్టడీ అవర్ నడుస్తుంటాయి. సిలబస్ అయిపోయింది, ప్రీఫైనల్ దగ్గరపడింది, సార్లు రివిజన్ చేసుకోమన్నారు. చేసుకోమన్నారు గానీ ఎలాగో విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే చాలామంది మొదటి పాఠం తెరిచి మళ్ళీ మొదట్నుంచి చదువుతారు. దసరాకు ముందు పచ్చ స్కెచ్‌తో గీసిన లైన్ల మీద ఇప్పుడు గులాబీ రంగు పడుతుంది.

మూడోసారి చదివేటప్పుడు పేజీ మొత్తం వచ్చేసినట్టే అనిపిస్తుంది. బొమ్మ ఎక్కడుందో తెలుసు, సూత్రం ఏ మూలనుందో తెలుసు, తర్వాతి వాక్యం చూడకముందే నోట్లోకి వచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే చేసిన ఒక ప్రయోగం 2006లో అచ్చయింది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మిగతావాళ్ళు ఒకసారి చదివి, దాన్ని పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి: వాళ్ళకు 81 శాతం గుర్తుంటే రెండోవాళ్ళకు 75 శాతం. వారం తర్వాత పరీక్ష పెడితే లెక్క తారుమారైంది. మళ్ళీ చదివినవాళ్ళకు 42 శాతం మిగిలింది, కాగితం మీద రాసి చూసుకున్నవాళ్ళకు 56 శాతం. నీ పరీక్ష ఐదు నిమిషాల్లో అయితే మళ్ళీ చదువుకో. మార్చిలో అయితే పుస్తకం మూసెయ్.

మూసేసి ఏం చేయాలన్నదే ఈ అధ్యాయం.

ముందు ముక్క చిన్నది చేసుకోవాలి. "కాంతి రివిజన్ చేస్తా" అని కూర్చుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మళ్ళీ పుస్తకమే తెరుస్తావు. "కుంభాకార దర్పణంలో ప్రతిబింబం ఎప్పుడూ చిన్నగానే ఎందుకు ఉంటుంది" అన్నంత చిన్న ప్రశ్న తీసుకో. రఫ్ నోట్సులో ఖాళీ పేజీ తియ్. పది నిమిషాలు. బొమ్మ, కారణం, సూత్రం, ఒక లెక్క, ఇవన్నీ తల నుంచే రావాలి. ఎక్కడ ఆగిపోయావో అక్కడ ఎర్ర పెన్నుతో గీత గీసి, అప్పుడు పుస్తకం తెరిచి ఆ ముక్క వరకే చూడు. నీ రివిజన్ మొత్తంలో పుస్తకం చదవాల్సింది ఆ ఎర్రగీతల దగ్గరే.

ఈ ప్రశ్నకు ప్రయోగశాల నీ దారిలోనే ఉంది. రాజీవ్ రహదారి మీద తూంకుంట నుంచి శామీర్‌పేట వైపు వచ్చే బస్సులో ముందు సీట్లో కూర్చుంటే డ్రైవర్ పక్క అద్దంలో వెనకొచ్చే లారీలు కనిపిస్తాయి. అది కుంభాకార దర్పణం. దాని వక్రతా వ్యాసార్థం 2 మీటర్లు అనుకుందాం. వెనక 9 మీటర్ల దూరంలో లారీ ఉంది. ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుంది, ఎంత పెద్దగా ఉంటుంది?

చాలామంది వెంటనే సూత్రం రాసి అంకెలు పెట్టేస్తారు. ఆగు. లెక్క మొదలుపెట్టకముందే జవాబు ఎలా ఉండాలో ఒక వాక్యం రాయి: "ప్రతిబింబం అద్దం వెనక, ధ్రువానికీ నాభికీ మధ్య, నిటారుగా, చిన్నగా ఉండాలి." కుంభాకార దర్పణం ముందు నిజ వస్తువును ఎక్కడ పెట్టినా ఇంతే. నాభ్యంతరం వ్యాసార్థంలో సగం కాబట్టి 1 మీటరు. అంటే v ధనాత్మకంగా రావాలి, 1 మీటరు కంటే తక్కువ రావాలి. ఇది చేతిలో పెట్టుకుని అప్పుడు లెక్కలోకి దిగు.

f = +1, u = –9. 1/v అంటే 1/f – 1/u, అంటే 1 + 1/9, అంటే 10/9. v = 0.9 మీటర్లు. ఆవర్ధనం –v/u, అంటే 0.1. లారీ పదో వంతు సైజులో, నిటారుగా కనిపిస్తుంది. ముందు రాసుకున్న వాక్యంతో సరిపోయింది.

ఇప్పుడు u ముందు రుణ గుర్తు మర్చిపోయావనుకుందాం. పరీక్షలో అందరూ చేసే తప్పు ఇదే. 1/v = 1 – 1/9 = 8/9. v = 1.125 మీటర్లు. అంకె చూస్తే ఏ అనుమానమూ రాదు. ధనాత్మకంగానే ఉంది, చూడ్డానికి బాగానే ఉంది. కానీ 1 మీటరు దాటింది. నాభి అవతల ప్రతిబింబం ఏర్పడటం కుంభాకార దర్పణానికి సాధ్యం కాదని నువ్వే రాసుకున్నావు కదా, అక్కడ పట్టుబడిపోతుంది. ఒకవేళ f కి రుణ గుర్తు పెట్టేస్తే v = –1.125 వస్తుంది. అంటే లారీ ప్రతిబింబం అద్దం ముందుకొచ్చి గాల్లో నిలబడాలి. సంజ్ఞా సంప్రదాయాన్ని బట్టీ పట్టి ఎంతమంది ఎన్నిసార్లు చదివినా మర్చిపోతూనే ఉంటారు. జవాబు ఎలా ఉండాలో ముందే తెలిసినవాడికి ఆ మరుపు వల్ల నష్టం లేదు, తప్పు తనంతట తానే బయటపడుతుంది. భౌతిక శాస్త్రం రివిజన్‌లో ఇంతకంటే విలువైన అలవాటు నాకు కనిపించలేదు. కాబట్టి ప్రతి లెక్కకూ ముందు ఒక వాక్యం.

ఇంట్లో చెల్లెలో తమ్ముడో ఉంటే ఇంకా మంచిది. పిల్లలు ఊరుకోరు.

"అద్దంల లారీ గంత చిన్నగ ఎందుకు కనవడ్తదక్కా?"

"అది కుంభాకార దర్పణం గదా, అందుకే."

"అయితే ఏమైతది?"

ఆ "అయితే ఏమైతది" దగ్గర నీ నోరు ఆగిపోతే, నీకు వచ్చింది పేరు మాత్రమే. అద్దం ఉబ్బుగా ఉండటం వల్ల కిరణాలు విడిపోతాయని, విడిపోయిన కిరణాలను వెనక్కి పొడిగిస్తే అద్దానికి దగ్గర్లోనే కలుస్తాయని, అందుకే ప్రతిబింబం చిన్నదని, చిన్నది కాబట్టే అంత చిన్న అద్దంలో రోడ్డు అంత వెడల్పునా పడుతుందని చెప్పగలిగితే నీకు పాఠం వచ్చినట్టు. అమ్మానాన్నలకు ఒక మాట. మీకు ఫిజిక్స్ రాకపోయినా ఫర్వాలేదు. "చదివినవా?" అని అడిగితే "చదివిన" అన్న జవాబే వస్తుంది. "ఇవాళ చదివింది నాకు చెప్పు" అని అడిగి, అర్థం కాని చోట అర్థం కాలేదని నిజాయితీగా అనండి చాలు. అడిగేవాళ్ళకు జవాబు తెలిసి ఉండాల్సిన పనిలేదు.

ఇంట్లోనే చేసి చూడగలిగినవీ ఉన్నాయి. పుటాకార దర్పణానికి స్టీలు గరిటె చాలు. లోపలి వైపు నీ ముఖం తలకిందులుగా, వెలుపలి వైపు నిటారుగా. కటకానికి భూతద్దం తెచ్చుకో. పగటిపూట గదిలో కిటికీకి ఎదురుగోడ దగ్గర పట్టుకుని ముందుకూ వెనక్కూ జరుపు. ఒకచోట బయటి చెట్టు, ఆకాశం గోడమీద తలకిందులుగా పడతాయి. అప్పుడు గోడకూ కటకానికీ మధ్య దూరాన్ని స్కేలుతో కొలిస్తే అదే దాదాపుగా నాభ్యంతరం. సూర్యుడి వైపు మాత్రం భూతద్దంతో చూడొద్దు.

ఇక విద్యుత్తు. ఇక్కడ సూత్రం వేరు, అవగాహన వేరు అన్నది మరీ స్పష్టంగా బయటపడుతుంది. హార్వర్డ్‌లో భౌతిక శాస్త్రం చెప్పే ఎరిక్ మాజుర్ తన విద్యార్థులకు రెండు రకాల ప్రశ్నలిచ్చి చూశాడు. ఒకటి కిర్కాఫ్ నియమాలతో చేయాల్సిన పొడుగాటి లెక్క. రెండోది మూడు బల్బులు, ఒక స్విచ్: స్విచ్ వేస్తే ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది, ఏది ఆరిపోతుంది అని. అంకెలే లేవు. పెద్ద లెక్క చేయగలిగిన చాలామంది ఈ చిన్న ప్రశ్న దగ్గర తడబడ్డారని ఆయన 1997లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. హార్వర్డ్ వాళ్ళకే అలా అయితే మనకు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

అలాంటిదే ఒకటి చూద్దాం. 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, 100 వాట్ల ఫిలమెంట్ బల్బు, రెండూ 220 వోల్టులకు తయారైనవి. రెండింటినీ శ్రేణిలో కలిపి 220 వోల్టులిస్తే ఏది ఎక్కువ వెలుగుతుంది? వందది అని నోరు అనేస్తుంది. లెక్క వేయి. నిరోధం V²/P కాబట్టి 60 వాట్ల బల్బుది దాదాపు 807 ఓమ్‌లు, 100 వాట్ల బల్బుది 484 ఓమ్‌లు. శ్రేణిలో రెండింటిలోనూ ఒకే ప్రవాహం: 220ని 1291తో భాగిస్తే దాదాపు 0.17 ఆంపియర్లు. ఇక I²R. నిరోధం ఎక్కువున్న 60 వాట్ల బల్బుకు దాదాపు 23 వాట్లు దక్కితే వందదానికి 14 మాత్రమే. అంటే చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది. సమాంతరంగా కలిపితే రెండింటికీ 220 వోల్టులు పూర్తిగా అందుతాయి, అప్పుడు వందదే గెలుస్తుంది. నీ ఇంట్లో ఫ్యాను, బల్బు, టీవీ అన్నీ సమాంతరంగా ఎందుకు కలిపి ఉంటాయో ఇక్కడే తేలిపోతుంది. (వేడెక్కితే ఫిలమెంట్ నిరోధం మారుతుంది, ఆ సంగతి ఇక్కడ పట్టించుకోలేదు. ఎల్‌ఈడీ బల్బులకు అసలు ఈ లెక్కే పనిచేయదు.)

బల్బు లెక్కకు ప్రాణం ఒక్క ప్రశ్నలో ఉంది: ఇక్కడ మారనిది ఏది, ప్రవాహమా, పొటెన్షియల్ భేదమా? శ్రేణి అయితే మొదటిది, సమాంతరం అయితే రెండోది. ఈ ప్రశ్న వేసుకోకుండా V²/R వాడాలా, I²R వాడాలా అని వెతికేవాళ్ళు గుడ్డిగా ఊహిస్తూ కాలం గడుపుతారు.

పొటెన్షియల్ భేదంలో భేదం అన్న మాటను పిల్లలు మింగేస్తారు. దానికి మేడ్చల్ పిల్లలకు దగ్గర్లోనే మంచి ఉదాహరణలున్నాయి. రోడ్డు పక్కన 11 కేవీ తీగ మీద పావురం హాయిగా కూర్చుంటుంది. ఎందుకు చావదు? ఆ తీగ నిరోధం కిలోమీటరుకు 0.3 ఓమ్ అనుకో, పావురం రెండు కాళ్ళ మధ్య 5 సెంటీమీటర్లు అనుకో, తీగలో 100 ఆంపియర్లు పోతున్నాయనుకో. ఆ 5 సెంటీమీటర్ల ముక్క నిరోధం 0.000015 ఓమ్. IR లెక్కిస్తే 0.0015 వోల్టు. పావురానికి తగిలేది 11,000 వోల్టులు కావు, ఒకటిన్నర మిల్లీవోల్టు. అదే నేల మీద నిలబడిన మనిషి తీగను తాకితే ఒక కొస వేల వోల్టుల దగ్గర, రెండో కొస సున్నా దగ్గర. భేదం మొత్తం శరీరం మీద పడుతుంది. గుండ్లపోచంపల్లి, గౌడవెల్లి మీదుగా మేడ్చల్‌కు 2023 ఏప్రిల్‌లో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్ళు నడిచేది 25,000 వోల్టుల తీగ కింద. దాన్ని తాకనక్కర్లేదు, బాగా దగ్గరికి పోయినా కరెంటు గాల్లోంచి దూకుతుంది. పెట్టె పైకెక్కడం, తీగ మీద చిక్కిన గాలిపటాన్ని కర్రతో లాగడం వంటివి ఎందుకు ప్రాణాల మీదికి తెస్తాయో ఓమ్ నియమం అర్థమైనవాళ్ళకు వేరే చెప్పాల్సిన పనిలేదు.

ఇంకో ప్రశ్న, పూర్తిగా కారణానికి సంబంధించింది. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో ఒక ఆంపియరు పోతుంటే ఎలక్ట్రాన్లు సెకనుకు దాదాపు 0.07 మిల్లీమీటర్లు కదులుతాయి. మీటరు దాటాలంటే నాలుగు గంటలు. మరి స్విచ్ వేయగానే బల్బు ఎందుకు వెలుగుతుంది? సమాధానం నువ్వే రాయి. విద్యుత్ క్షేత్రం అన్న మాట లేకుండా రాస్తే మార్కులు రావు.

విద్యుదయస్కాంతత్వంలో ఎక్కువమందికి అంటుకునే పొరపాటు ఒక్కటే: తీగచుట్టలో అయస్కాంతం ఉంటే చాలు, కరెంటు వస్తుందనుకోవడం. ఇందులో ఫారడే కూడా మనవాడే. 1831 ఆగస్టులో ఇనుప కడియానికి రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానికి బ్యాటరీ కలిపి రెండోదాని దగ్గర సూచిక పెట్టి చూశాడు. బ్యాటరీ కలిపినప్పుడు సూచిక ఒక్కసారి అదిరి తిరిగి మొదటికొచ్చింది. తీసేసినప్పుడు మళ్ళీ అదిరింది. మధ్యలో కరెంటు ఎంతసేపు పారినా కదల్లేదు. అభివాహం ఉంటే చాలదు, మారుతూ ఉండాలి. మీ వీధి స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను బ్యాటరీతో ఎందుకు నడపలేమో ఇందులోనే ఉంది.

ఇక కన్ను, రంగుల పాఠం. శామీర్‌పేట చెరువు గట్టు మీద నుంచి సాయంత్రం సూర్యుణ్ణి చూస్తే పరిక్షేపణం మొత్తం కళ్ళ ముందే ఉంటుంది. కాంతి వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి వస్తుంది, తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న నీలం దారిలోనే చెల్లాచెదురవుతుంది, మిగిలింది ఎరుపు. రాసేటప్పుడు "ఎక్కువ దూరం" అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. చాలామంది దాన్ని వదిలేస్తారు. అప్పుడు మధ్యాహ్నం సూర్యుడు ఎందుకు ఎర్రగా లేడన్న ప్రశ్నకు వాళ్ళ జవాబులో చోటుండదు. చెరువు సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను: నీటి వక్రీభవన గుణకం దాదాపు 4/3. పైనుంచి నిలువుగా చూస్తే 4 మీటర్ల లోతు 3 మీటర్లుగా కనిపిస్తుంది. ఈత రానివాళ్ళు లోతును కళ్ళతో కొలవకూడదు.

ఇప్పుడు రోజుల పంపకం. గైడ్లలో ఒక లోపం ఉంది. దర్పణాల పాఠం చివర దర్పణాల లెక్కలు, కరెంటు పాఠం చివర కరెంటు లెక్కలు. ఏ సూత్రం వాడాలో పైన శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. డగ్ రోహ్రర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, గణితం లెక్కలను ఒక్కో రకం వరసగా చేసినవాళ్ళు సాధన సమయంలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగాపులగంగా చేసినవాళ్ళు 60 శాతమే. వారం తర్వాత పరీక్షలో వరసగా చేసినవాళ్ళు 20 శాతానికి పడిపోయారు, కలిపి చేసినవాళ్ళు 63 శాతంతో నిలబడ్డారు. కాబట్టి కలిపి చేసేటప్పుడు తప్పులు ఎక్కువొస్తే బెదిరిపోకు. నువ్వు చేయాల్సింది సులభమే: అన్ని పాఠాల లెక్కలనూ చీటీల మీద రాసి, పాఠం పేరు లేకుండా, ఒక డబ్బాలో వేయి. రోజూ ఐదు తియ్. తప్పైన చీటీని మళ్ళీ డబ్బాలో పడేయ్. సరైన చీటీని ఒక వారం పక్కన పెట్టి మళ్ళీ వెయ్యి. ఒకేరోజు పదిసార్లు చూసిన చీటీ కంటే రెండు రోజులకు, వారానికి, రెండు వారాలకు ఎదురైన చీటీ గట్టిగా నిలబడుతుంది.

మీడియం సంగతి. మొన్నటిదాకా తెలుగులో చదివి, ఇప్పుడు ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తున్న పిల్లలు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ప్రభుత్వం ఇచ్చే ద్విభాషా పుస్తకంలో ఒక పక్క తెలుగు, మరో పక్క ఇంగ్లిష్ ఉంటుంది. కారణాన్ని తెలుగులో నీకు నువ్వే చెప్పుకో. అది కుదిరాకే ఇంగ్లిష్‌లో రాయి. కారణం తెలియకుండా ఇంగ్లిష్ వాక్యాన్ని బట్టీ పట్టినవాడు ప్రశ్నలో ఒక మాట మారితే చేతులెత్తేస్తాడు.

2024, 2025 పరీక్షల్లో భౌతిక రసాయన శాస్త్రం పేపరు జీవశాస్త్రంతో కలపకుండా వేరే రోజు పెట్టారు. 40 మార్కులు, గంటన్నర, పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా. అందులోనే రసాయన శాస్త్రం కూడా. గంటన్నర అంటే బొమ్మల దగ్గర తీరిగ్గా కూర్చునే టైం ఉండదు. కిరణ చిత్రాలు పెన్సిల్‌తో, స్కేలుతో ఇంట్లోనే గడియారం పెట్టుకుని వేసి చూడు. కిరణానికి బాణం గుర్తు పెట్టకపోతే అది గీత మాత్రమే, కాంతి ఎటు పోతోందో దిద్దేవాళ్ళకు తెలియదు. మిథ్యా ప్రతిబింబం వైపు పొడిగించిన గీతలను చుక్కలతో వేయి.

మరో జాగ్రత్త ప్రమాణాల గురించి. మేడ్చల్ బస్టాండులో 229 నంబరు బోర్డు దగ్గరికొచ్చేదాకా మసకగా కనిపించే పిల్లాడు ఒకడున్నాడనుకుందాం. 50 సెంటీమీటర్ల అవతల ఉన్నదేదీ వాడికి స్పష్టంగా లేదు. హ్రస్వదృష్టి. దూరపు వస్తువుల ప్రతిబింబాన్ని 50 సెంటీమీటర్ల దగ్గర నిలబెట్టే పుటాకార కటకం కావాలి, f = –50 సెంటీమీటర్లు. కటక సామర్థ్యం 1/f. ఇక్కడ సెంటీమీటర్లను అలాగే వేసేసి –0.02 డయాప్టర్లు అని రాసి వచ్చేవాళ్ళు ప్రతి బడిలోనూ ఉంటారు. మీటర్లలోకి మార్చాలి: –0.5 మీటర్లు, సామర్థ్యం –2 డయాప్టర్లు. ముందు జవాబు వాక్యం రాసుకునే అలవాటున్నవాడు ఇక్కడ కూడా తప్పును పట్టుకుంటాడు. కళ్ళద్దాల చీటీ మీద పవర్లు పావు చొప్పున మారుతూ ఉంటాయి, –0.25, –0.5, –0.75 అలా. –0.02 పవర్ కటకం కావాలని అడిగితే షాపువాడు నవ్వి పంపించేస్తాడు.